తాత ఆర్‌ఎక్స్ 100, మనవడి ఎల్సినోర్: ఏ ఏడాది బండో తేల్చడం ఎట్లా

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పెరుగుతున్న మన పిల్లలకు హోండా ఎల్సినోర్ లాంటి పాత మోటోక్రాస్ (మట్టి ట్రాకు పోటీ) బండ్ల పిచ్చి పట్టిందంటే ఇంట్లో డబ్బు తగవుకంటే ముందు సంవత్సరం తగవు మొదలవుతుంది. అమ్మేవాడు 1973 అంటాడు. టైటిల్ కాగితంలో (యాజమాన్య పత్రంలో) 1975 ఉంటుంది. ఇంజిన్ చూస్తే రెండూ కాదేమో అనిపిస్తుంది. సెలవులకు చిత్తూరు వస్తే అక్కడా ఇదే కథ. షెడ్డులో పాత దుప్పటి కప్పుకున్న యమహా ఆర్‌ఎక్స్ 100ని చూపించి తాత "ఇది ఎనభై ఐదు మోడలు నాయనా, జపాన్ ఇంజిను" అంటాడు. రెండు బండ్లనూ చదివే పద్ధతి ఒకటే. ఒక చోట నేర్చుకున్నది రెండో చోట పనికొస్తుంది. "తిన్నావా, బాగా చదువుతున్నావా" దగ్గరే ఆగిపోయే వీడియో కాల్‌కు కూడా దీంతో కాస్త సరుకు దొరుకుతుంది.

మొదట పిల్లలకు చెప్పాల్సిన మాట: సంవత్సరాన్ని బండి మొత్తానికి కలిపి అడగకూడదు, ఒక్కో భాగానికీ విడిగా అడగాలి. మోటోక్రాస్ బండి దూకుతుంది, పడుతుంది, వచ్చే ఆదివారం పోటీకి మళ్ళీ తయారవ్వాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగితే ఎవరి దగ్గర ఏది ఉంటే అది వేసేస్తారు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది డబ్బా) పగిలితే మరో ఏడాది ఇంజిన్ ఎక్కిస్తారు. 50 ఏళ్ళ తర్వాత మన గ్యారేజీకి వచ్చేసరికి ఫ్రేము ఒక ఏడాదిది, సిలిండర్ ఇంకో ఏడాదిది, ట్యాంకు మూడో ఏడాదిది అయి ఉండొచ్చు. రంగు, స్టిక్కర్లు అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. ఎవరైనా ఒక మధ్యాహ్నంలో మార్చేయగలరు.

కాబట్టి ముందు ఫ్రేము నంబరు. హ్యాండిల్ తిరిగే చోట, ఫ్రేము మెడ మీద గుద్ది ఉంటుంది. గ్రీజు, మట్టి ఉంటే కిరోసిన్, పాత టూత్‌బ్రష్ చాలు. పైన మందంగా పెయింటు ఉంటే పెయింట్ రిమూవర్ రాసి గుడ్డతో తుడవాలి. గ్రైండర్‌కు వైరు బ్రష్షు తగిలించి రుద్దితే నంబరు అంచులు అరిగిపోతాయి, తర్వాత చూసేవాళ్ళకు నంబరు దిద్దారేమో అన్న అనుమానం వస్తుంది. శుభ్రం చేశాక కాస్త ముగ్గుపిండి గుంతల్లోకి రుద్ది, పైపైన తుడిస్తే అంకెలు తెల్లగా తేలతాయి. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రాస్తే అచ్చు దిగుతుంది. 1కీ 7కీ, 3కీ 8కీ తేడా ఫోటోలో కన్నా ఈ కాగితం మీద బాగా తెలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, టార్చి పక్క నుంచి వేయాలి. అంకెల్లో ఒకటి పొడుగ్గా ఒకటి వంకరగా ఉన్నా, చుట్టూ ఆకురాయి గీతలు కనిపించినా ఆ బండి కొనొద్దు. అది డాలస్ అయినా తిరుపతి అయినా సరే.

ఇక నంబరును చదవడం. హోండా ఎల్సినోర్ సీఆర్250ఎం 1973లో వచ్చింది, దాని చిన్నది సీఆర్125ఎం 1974లో. పెద్దదాని ఫ్రేము నంబరు "సీఆర్250ఎం" అక్షరాలతోనూ, ఇంజిన్ నంబరు "సీఆర్250ఎంఈ" అక్షరాలతోనూ మొదలవుతాయి. ఆ తర్వాతి వరుస అంకెలు రెండింటిలోనూ ఒకటిగా ఉండాలన్న నియమం హోండాలో లేదు. "మ్యాచింగ్ నంబర్స్" అని ఎక్కువ ధర అడిగేవాడికి ఈ సంగతి తెలియదన్నా అనుకోవాలి, మనకు తెలియదని అనుకుంటున్నాడన్నా అనుకోవాలి. 1970ల యమహాల్లో మాత్రం ఫ్యాక్టరీ నుంచే ఫ్రేము, ఇంజిన్ నంబర్లు కలిసి వచ్చేవి. అక్కడ అవి కలవకపోతే ఇంజిన్ మారిందని అర్థం.

మోడల్ పేరు చివర ఉండే అక్షరం (వైజెడ్250బిలో బి లాంటిది) దగ్గర పిల్లలు, వాళ్ళ నాన్నలు కూడా బోల్తా పడతారు. యమహా వైజెడ్ వరుసలో ఏ అంటే 1974, బి 1975, సి 1976, డి 1977, ఇ 1978, ఎఫ్ 1979, జి 1980, హెచ్ 1981, జె 1982, కె 1983, ఎల్ 1984. సుజుకి ఆర్‌ఎం లెక్క వేరు: ఎం 1975, ఏ 1976, బి 1977, సి 1978, ఎన్ 1979, టి 1980, ఎక్స్ 1981, జెడ్ 1982, డి 1983. 1981 నుంచి అమెరికాలో 17 అక్షరాల నంబరు వచ్చింది, అందులో పదో అక్షరం మోడల్ సంవత్సరం: బి 1981, సి 1982, డి 1983. అంటే ఒక్క "సి" యమహా మీద 1976, సుజుకి మీద 1978, 17 అక్షరాల నంబరులో 1982. కంపెనీ పేరు చూడకుండా అక్షరం చదివి ఆన్‌లైన్‌లో పిస్టన్ ఆర్డరు పెడితే డబ్బా తిప్పి పంపే ఖర్చు మనదే.

నంబరు అరిగిపోయినప్పుడు బండి ఆకారం కాస్త సాయం చేస్తుంది. వైజెడ్‌లో వెనక రెండు షాకులకు (షాక్ అబ్జార్బర్లకు) బదులు ట్యాంకు కింద ఒకటే షాకు కనిపిస్తే అది 1975 బి మోడలు లేదా ఆ తర్వాతిది. మిగతా కంపెనీల ఒకే షాకు ఏర్పాట్లలో కవాసకి యూనిట్రాక్ 1980 కేఎక్స్ మోటోక్రాస్ బండ్లకు, హోండా ప్రోలింక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ 1981కి వచ్చాయి. కేఎక్స్‌కు ముందు చక్రానికి డిస్క్ బ్రేకు 1982లో వచ్చింది. అంతకన్నా ముందుదని చెప్పే బండికి డిస్క్ ఉంటే ఎవరో తర్వాత తగిలించినట్టు.

ఇంత వెతకడం ఎందుకంటే, అమెరికాలో పాత బండ్ల పోటీలు నడిపే ఏహెచ్‌ఆర్‌ఎంఏ వింటేజ్ మోటోక్రాస్ తరగతులను ప్రధానంగా 1974 వరకు వచ్చిన మోడళ్ళకూ, అదే డిజైనుతో తర్వాత వచ్చినవాటికీ పరిమితం చేసింది. సస్పెన్షన్ కదలిక ముందు 7 అంగుళాలు, వెనక 4 అంగుళాలు దాటకూడదు. పిల్లాడు ఆరు నెలలు శనివారాలన్నీ పెట్టి కట్టిన బండి ఫోర్కు తర్వాతి ఏడాదిదని తనిఖీలో తేలితే ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినరు. ఫోర్కు గొట్టం వ్యాసం వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరంతో) కొలిచి, ఆ ఏడాది మాన్యువల్‌లోని అంకెతో ముందే పోల్చుకోవాలి.

విడిభాగాల నంబర్లకు కూడా ఒక వ్యాకరణం ఉంది. హోండాది 5 అంకెలు, 3, 3గా ఉంటుంది. మొదటి ఐదు ఆ వస్తువు ఏమిటో చెబుతాయి: 13101 అంటే స్టాండర్డ్ పిస్టన్, 13102 అంటే 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు (అరిగిన సిలిండర్‌ను తొలిచి వెడల్పు చేశాక వేసే పెద్ద పిస్టన్), 13103 అంటే 0.50. మధ్య మూడూ ఆ భాగం మొదట ఏ మోడలుకు తయారైందో చెబుతాయి, 357 అంటే సీఆర్250ఎం. యమహాలో మోడల్ కోడ్ ముందుకు వస్తుంది, తర్వాతి ఐదు అంకెల్లో 11631 స్టాండర్డ్ పిస్టన్, 11635 మొదటి ఓవర్‌సైజు, 11636 రెండోది. బండి మీద వేరే మోడల్ కోడ్ ఉన్న భాగం కనిపించినంత మాత్రాన డూప్లికేట్ అనుకోకూడదు. కంపెనీలే ఒక మోడల్ లీవరును పది మోడళ్ళకు వాడేవి. ఆ ఏడాది పార్ట్స్ లిస్టులో ఆ నంబరు ఉందా లేదా అన్నదే తీర్పు. ఇంకొకటి, అల్యూమినియం మీద పోతలో వచ్చిన అంకెలు తరచూ పోత అచ్చు నంబర్లు, పార్ట్ నంబర్లు కావు. వాటితో ఆర్డరు పెట్టకూడదు.

ఇప్పుడు చిత్తూరు షెడ్డుకు వద్దాం. ఆర్‌ఎక్స్ 100 మనదేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. దాని నంబరు "1ఎల్1"తో మొదలవుతుంది. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీ వేరే. బండి డిసెంబరులో తయారై మార్చిలో అమ్ముడుపోతే తాతకు గుర్తుండేది మార్చే. ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా రిజిస్ట్రేషన్ అని మాత్రమే అర్థం, సంవత్సరం కాదు. ఆర్‌సీ 15 ఏళ్ళకు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ కావాలి. అది జరిగిందో లేదో ముందు చూసుకోండి, విడిభాగాలు తర్వాత.

తాత చెప్పిన "జపాన్ ఇంజిను"ను పరీక్షించడమే ఇందులో సున్నితమైన పని. తొలి బండ్లలో జపాన్ నుంచి వచ్చిన భాగాలు ఉండేవి, కనుక ఆ మాట వట్టిది కాకపోవచ్చు. అక్కడి బడిలో "ఆధారం ఏమిటి" అని అడగడం నేర్చుకున్న పిల్ల నేరుగా "తాతా, యూ ఆర్ రాంగ్" అంటే పెద్దాయన ఆ పూట మాట్లాడడు. తప్పు పిల్లది కాదు, అడిగే తీరు మనం నేర్పలేదు. నంబరు తాతచేతే చదివించాలి. "తాతా, మీ అద్దాలు పెట్టుకుని ఇది కాస్త చదువుతారా, నాకు సరిగ్గా అగుపడలా" అంటే చాలు. ఆయన చదువుతాడు, పిల్ల రాసుకుంటుంది, ఆర్‌సీతో ఇద్దరూ కలిసి పోలుస్తారు. ఎనభై ఐదు కాస్తా ఎనభై తొమ్మిది అయితే ఆ మాట కాగితం చెప్పినట్టుంటుంది, మనవరాలు ఎదురు చెప్పినట్టుండదు. డాలస్‌లో వేసవి శనివారం సాయంత్రం 7 అంటే చిత్తూరులో ఆదివారం ఉదయం 5:30. తాత కాఫీ తాగి, ఎండ ఎక్కకముందు షెడ్డులో ఉండే వేళ.

నంబరు సరిపోయినా ఇంజిన్ లోపల ఏముందో తెలియదు. ఆర్‌ఎక్స్ 100 బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 50, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు, అంటే 98 సీసీ. ఆర్‌ఎక్స్ 135ది బోర్ 58, స్ట్రోక్ అదే 50, అంటే 132 సీసీ. స్ట్రోక్ ఒకటే కాబట్టే 100 మీద 135 బ్లాకు (సిలిండర్) ఎక్కించే అలవాటు మన ఊళ్ళలో బలంగా ఉంది. హెడ్డు విప్పి వెర్నియర్ పెడితే నిజం బయటపడుతుంది. 50కీ 51కీ మధ్య ఉంటే అసలు బ్లాకే, రీబోర్ చేసి ఉండొచ్చు. 58 దగ్గరుంటే 135ది, అప్పుడు ఆర్‌సీలో ఉన్న సీసీ అబద్ధమైనట్టే. పిల్లలచేత లెక్క వేయించండి: వ్యాసార్ధం వర్గం ఇంటూ పై ఇంటూ స్ట్రోక్, మిల్లీమీటర్లలో వేస్తే చివర వెయ్యితో భాగించాలి. బోర్ 51 అయితే 102 సీసీ వస్తుంది.

పిస్టన్ నెత్తి మీద 0.25, 0.50 లాంటి అంకె, ఒక బాణం గుర్తు ఉంటాయి. బాణం సైలెన్సర్ వైపు, అంటే ఎగ్జాస్ట్ పోర్టు వైపు ఉండాలి. టూ స్ట్రోక్ పిస్టన్‌లో రింగు కొసలు తిరక్కుండా చిన్న పిన్నులు ఉంటాయి. పిస్టన్ తిరగేసి వేస్తే ఆ కొసలు సిలిండర్ గోడలోని పోర్టు కిటికీ మీదుగా వెళ్ళి, చిక్కుకుని విరుగుతాయి, సిలిండర్ గీసుకుపోతుంది. ఎల్సినోర్‌లోనూ ఇంతే, ఆర్‌ఎక్స్‌లోనూ ఇంతే.

రెండు బండ్ల స్క్రూలు కూడా ఒక జాతివే. ప్లస్ స్క్రూ నెత్తి మీద చిన్న చుక్క ఉంటే అది జపాన్ ప్రమాణం, జేఐఎస్. అమెరికాలో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా దిగదు, తిప్పితే పైకి జారి నెత్తిని తినేస్తుంది. జేఐఎస్ బిట్టు, ఇంపాక్ట్ డ్రైవర్ కొని సంచిలో వేసుకోండి. తాతకు చాక్లెట్ డబ్బాలకన్నా ఇది ఎక్కువ నచ్చుతుంది.

మెకానిక్ దగ్గరికి పిల్లలను తీసుకెళ్తే సాయంత్రం రద్దీలో కాకుండా పదకొండు గంటల వేళ వెళ్ళండి. "అన్నా" అని పిలవడం, ఫోటోకు ముందు అడగడం, పానాలు ఎక్కడ తీసినవి అక్కడే పెట్టడం ముందే చెప్పి ఉంచాలి. ఆయన "ఇది రెండో బోర్‌లో ఉండాది" అంటే 0.50 ఓవర్‌సైజు అని అర్థం. పార్ట్స్ లిస్టు చూడకుండా, పిస్టన్ చేతిలో పట్టుకునే చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆ అంచనాను పిల్లలు రాసుకుని, తర్వాత కొలిచి చూడాలి. దొరకని బుష్షును లేత్‌లో తిప్పించి బండిని నడిపించడం ఇక్కడి పద్ధతి. డాలస్ పిల్లలకు అది ఒరిజినల్ కాదు కదా అనిపిస్తుంది. రోడ్డు మీద తిరగడానికి అది చక్కగా సరిపోతుంది. అలా మార్చినవాటిని పుస్తకంలో విడిగా రాసుకుంటే, ఎప్పుడైనా అసలు భాగం దొరికినప్పుడు ఏది తీయాలో తెలుస్తుంది.

చెన్నై పుదుపేటలో పాత భాగాలు వెతికేవాళ్ళు డబ్బాలో ఉన్నవాటికి కూడా నంబరు చూసే డబ్బివ్వండి. లేబుల్ ఒకటి, లోపలి వస్తువు ఒకటి అవడం మామూలే. తిరుగు ప్రయాణంలో వాడిన కార్బురేటర్, ట్యాంకు విమానంలో పెట్టొద్దు. పెట్రోలు వాసన కాస్త తగిలినా ప్రమాదకర సరుకు కింద ఆపేస్తారు. గ్యాసు నింపిన షాకులు, స్ప్రే పెయింటు డబ్బాలు కూడా అంతే. కొత్త పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు ఇబ్బంది పెట్టవు. ఒక్కోదాన్ని విడి కవరులో వేసి, పార్ట్ నంబరు, ఏ బండికో, బిల్లు ఏదో రాసి అంటించి పెట్టెలో సర్దండి.