నూనె డబ్బా మీద తేదీ

కర్నూలు, ఆదివారం రాత్రి

పొద్దున కోడలు కొత్త నూనె డబ్బా మూత తీస్తుంటే గుర్తొచ్చి, పాత డబ్బా తెప్పించుకుని చూశాను. దాని మీద నేను రాసిన తేదీ నుంచి సరిగ్గా 38 రోజులు. ఇదివరకు మా ఇంట్లో 5 లీటర్ల డబ్బా 25 రోజులు నిలిస్తే గొప్ప. ఉండేది ఐదుగురం. అంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల నుంచి 26కు దిగామన్నమాట. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా పైసాతో సహా లెక్క అప్పగించినవాణ్ణి. రిటైరయ్యాక చేతికి దొరికిన లెక్క ఇదొక్కటే, వదులుతానా!

ఈ తేదీల గోలంతా మూడు నెలల కిందట పిల్లల డాక్టరమ్మ గదిలో మొదలైంది. మనవడికి పదేళ్ళు. వాడి మెడ వెనక నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమలు గుడ్డలా ఒక పట్టీ. మా ఆవిడ దాన్ని మట్టి అనుకుంది. ప్రతి ఆదివారం వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి శనగపిండితో రుద్దేది. "అవ్వా, మంట" అని వాడు మెలికలు తిరిగేవాడు. "స్నానం సరిగ్గా చేస్తే ఇంత మురికి ఎందుకు పడుతుంది?" అని ఈమె ఇంకాస్త గట్టిగా రుద్దేది. డాక్టరమ్మ కాలరు పక్కకు జరిపి చూసి, "ఇది మురికి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు చర్మం ఇలా అవుతుంది" అన్నారు. తిరిగి వస్తూ ఆటోలో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చేరేదాకా వాడి మెడ మీద చెయ్యి తీయలేదు.

ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, బీఎంఐ, 23.5 వచ్చింది. పదేళ్ళ అబ్బాయికి 21.4 దాటితే ఊబకాయం కిందే లెక్కట. నేను గాభరాపడి ఎన్ని కిలోలు తగ్గించాలని అడిగాను. తగ్గించనక్కర్లేదన్నారు. ఎదిగే పిల్లవాడు కాబట్టి బరువు ఉన్నచోటే నిలబడి ఎత్తు పెరిగితే చాలట. ఇంటికి వచ్చి కాగితం మీద వేసి చూశాను. 46 కిలోల దగ్గరే ఉండి 146 సెంటీమీటర్లకు ఎదిగితే 23.5 కాస్తా 21.6కు దిగుతుంది. ఆమె మాట నిజమే.

అసలు ఇబ్బంది పెట్టిన ప్రశ్నలు వేరే. వీడు ఏమి తింటాడని అడగలేదు. నెలకు నూనె ఎంత, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, కూల్ డ్రింకు ఇంటికి తెచ్చేది ఎవరు అని అడిగారు. మూడో ప్రశ్నకు అందరూ నా వైపు తిరిగారు. పావు లీటరు సీసాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటుందని ఆ రోజే తెలిసింది. "వాడికి వేరే కంచం పెట్టకండి, ఐదుగురూ ఒకటే తినండి" అన్నారు. నాకు లోపల మండింది. వాడి పొట్ట సంగతి చూడమని వస్తే నా పొట్టతో ఈమెకేం పని?

ఇప్పుడు పొద్దునపూట ఇద్దరం ఔట్‌డోర్ స్టేడియానికి పోతున్నాం. పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్ళు కదలాలట. మొదటి వారం రెండో రౌండుకే నేను కూలబడితే, వాడు నా చుట్టూ సైకిలు తొక్కాడు. ఈ రోజు నాలుగు రౌండ్లు. తిరిగి వచ్చేసరికి ఉగ్గాని సిద్ధం. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, పుట్నాల పొడి చల్లి, ఉల్లిపాయలు బాగా వేసింది కోడలు. బజ్జీ లేని ఉగ్గాని తాళి లేని పెళ్ళిలా ఉంటుందని నా అభిప్రాయం. పైకి అనలేదు. పక్కన పెరుగు, దోసకాయ ముక్కలు పెట్టింది. వాడు మాట్లాడకుండా తిన్నాడు.

మధ్యాహ్నం మా చెల్లెలు వచ్చి, "అయ్యో, బిడ్డ చిక్కిపోయాడే, తిండి పెట్టడం లేదా!" అంది. కోడలి ముఖం మాడిపోయింది. వాడు మాత్రం కొర్ర అన్నంలో పప్పు కలుపుకుంటూ, "నేను చిక్కలేదు, పొడుగయ్యాను" అన్నాడు. గోడ మీద పెన్సిలు గీతలు చూపించాడు. నిజానికి మూడు నెలల్లో ఒక సెంటీమీటరే. అది చాలు, చెల్లెలు నోరు మూసింది.

సాయంత్రం ఉల్లిపాయలకని రాజవిహార్ వైపు నన్నే పంపారు. తప్పు వాళ్ళదే. బజ్జీల బండి అతను, "ఏం సార్, మనవడు రాలేదా? ఈ మధ్య కనబడటమే లేదు" అని పలకరించాడు. పలకరించాక నిలబడకపోతే ఏం మర్యాద? రెండే తిన్నాను. మూడోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, కొంతదూరం నడిచాక అదీ తినేశాను.

ఇంటికి రాగానే మనవడు ఉల్లిపాయల సంచి అందుకుని, నా చొక్కా జేబు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఎవరికీ చెప్పలేదు. "తాతా, రేపు ఆరు రౌండ్లు" అని మాత్రం అన్నాడు.

అందరూ పడుకున్నారు. జేబు మీద నూనె మరక అరచేయంత ఉంది. సబ్బుతో పోలేదు. శనగపిండి డబ్బా ఏ అరలో ఉందో మా ఆవిడను లేపి అడగలేను.