నీలం బిళ్ళ

“అన్నీ బ్లూచిప్ కంపెనీలే సార్, నిశ్చింతగా నిద్రపోవచ్చు” అంటున్నాడు మ్యూచువల్ ఫండ్ ఏజెంటు. నాన్నగారు గంభీరంగా తల ఊపుతున్నారు. దీపావళికి కూడా పేకముక్కను గడప దాటనివ్వని మనిషి!

నాకు నవ్వు ఆగలేదు. పెద్ద, నమ్మకమైన కంపెనీలకు వాడే ఆ ‘బ్లూచిప్’ మాట పుట్టిందే పేకాట బల్ల మీద.

అమెరికాలో పోకర్ ఆడేవాళ్ళు డబ్బుకు బదులు రంగు బిళ్ళలు (చిప్‌లు) పందెం కాసేవారు. పాత లెక్కలో తెల్లది చవక, ఎర్రది దానికి పైన, నీలానిది అన్నిటికన్నా ఖరీదు. 1920లలో డౌ జోన్స్ అనే ఆర్థిక వార్తల సంస్థ ఉద్యోగి ఆలివర్ గింగోల్డ్, 200 డాలర్లకు పైన పలుకుతున్న షేర్లను చూసి వాటికి ఈ పేరు పెట్టాడని చెబుతారు. అంటే మొదట్లో అది ధర గురించిన మాట. భద్రత, నమ్మకం వగైరా తర్వాత వచ్చి అంటుకున్నాయి. మధ్యలో 1929 షేర్ మార్కెట్ పతనం కూడా వచ్చింది, నీలం బిళ్ళలనూ వదల్లేదు.

అన్నట్టు, ఇప్పుడు అమెరికా క్యాసినోల్లో నల్ల బిళ్ళ సాధారణంగా 100 డాలర్లు. నీలానిది కొన్నిచోట్ల ఒక్క డాలరే. షేర్ మార్కెట్‌కు ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.