హోరుకూ శబ్దానికీ తేడా

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పరిసరాలలో స్థిరపడిన నాటి నుంచి పిల్లలతో తెలుగులోనే మాట్లాడాలన్న నియమాన్ని బాగానే పాటిస్తున్నామని నేను అనుకునేవాణ్ణి. ఏప్రిల్‌లో ఒక శనివారం కొలంబియా నది లోయ వెంబడి ఉన్న పాత అడవి దారిలో జలపాతాలు చూడడానికి బయలుదేరినప్పుడు, వెనుక సీటులో కూర్చున్న మా పదమూడేళ్ల అమ్మాయి ఆ నమ్మకాన్ని ఒక్క మాటతో తీసిపారేసింది. "నాన్నా, నువ్వు తెలుగులో మాకు పనులే చెబుతావు, సంగతులన్నీ ఇంగ్లీషులో చెబుతావు" అంది. ఆలోచిస్తే నిజమే. తిను, పడుకో, బూట్లు విప్పు, త్వరగా రా, ఫోను పక్కన పెట్టు: మా ఇంటి తెలుగులో క్రియలన్నీ ఆజ్ఞలే.

ఆ దారి 1913లో మొదలై 1922 నాటికి పూర్తయింది. దానిని రూపొందించిన ఇంజనీరు శామ్యూల్ లాంకాస్టర్, ఏటవాలు 5 శాతానికి మించకుండా కొండను చుట్టలు చుట్టలుగా తిప్పి, ప్రతి జలపాతం దగ్గరికీ రోడ్డును తీసుకువెళ్లాడు. అంచుల వెంట కనిపించే రాతి గోడలను కట్టినవారిలో ఇటలీ నుంచి వలస వచ్చిన తాపీ పనివారున్నారు. వారు తమ పిల్లలతో ఇంట్లో ఏ భాష మాట్లాడేవారోనన్న ఆలోచన నాకు అప్రయత్నంగా వచ్చింది.

లాటరెల్ జలపాతం దగ్గర కారు దిగాము. వానలకు తోడు మంచు కరిగే కాలం కావడంతో నీరు నిండుగా దూకుతోంది. తొమ్మిదేళ్ల మా అబ్బాయికి నాచు, తుంపర అనే మాటలు చెప్పాను. హోరు అనగానే, శబ్దం అంటే సరిపోదా అని అడిగాడు. శబ్దం చప్పట్లకైనా ఉంటుందనీ, విడదీసి వినలేనిది, ఆగకుండా చెవులను నింపేది హోరు అనీ, గాలికీ సముద్రానికీ కూడా ఆ మాట వాడతామనీ వివరించాను. వాడు కళ్లు మూసుకుని కాసేపు విని, ఒప్పుకున్నాడు.

ఒకే గోడ మీద ఇన్ని జలపాతాలు వరుసగా ఎందుకున్నాయన్నది మా అమ్మాయికి బడిలో చెప్పారట. మంచుయుగం చివర్లో, దాదాపు 15,000 ఏళ్ల క్రితం, మోంటానా వైపున మంచు అడ్డుకట్ట వెనుక నిలిచిన మహా సరస్సు మళ్లీ మళ్లీ తెగి, ఆ వరదలు ఈ లోయ గోడలను నిలువుగా కోసేశాయని ఇంగ్లీషులో గబగబా చెప్పింది. తెలుగులో చెప్పమన్నాను. చాలాసేపు తడుముకుని, "పెద్ద వరద గోడల్ని కోసుకుపోయింది, చిన్న ఏర్లు పైనే మిగిలిపోయాయి, అందుకే ఇప్పుడు దూకుతున్నాయి" అంది. ఆ వరదల కథకన్నా, మిగిలిపోయాయి అన్న మాట దానికి దొరకడమే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచింది.

620 అడుగుల మల్ట్నోమా జలపాతం ముందు మాత్రం అందరమూ మౌనంగానే నిలబడ్డాము. అయితే పక్క కొండల మీద కాలి నిలిచిన మానులు కనిపించగానే సంభాషణ మరోవైపు తిరిగింది. 2017 సెప్టెంబరు 2న ఒక 15 ఏళ్ల కుర్రాడు విసిరిన టపాకాయ వల్ల మొదలైన మంట ఈ లోయలో సుమారు 48,000 ఎకరాలను చుట్టేసింది. మరుసటి ఏడాది న్యాయస్థానం అతణ్ణి 3.6 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం చెల్లించమని ఆదేశించింది. అంతకుముందే 1,920 గంటల సమాజసేవ, క్షమాపణ లేఖలు విధించింది. అంత సొమ్ము ఒక పిల్లవాడు ఎలా కడతాడని మా అబ్బాయి అడిగాడు. మా అమ్మాయి మాత్రం, అతను చేసినది తప్పా, నేరమా అని అడిగింది. దాని వయసుకూ ఆ కుర్రాడి వయసుకూ రెండేళ్లే తేడా కనుక, తేలికగా జవాబిచ్చి తప్పించుకోలేకపోయాను. చట్టం లెక్కలో నేరమనీ, అయితే నేరం రుజువైతే శిక్షతో ముగియవచ్చు గానీ తప్పు మనసులో ఒప్పుకునేదాకా ముగియదనీ చెప్పాను. చిన్నప్పుడు నేనూ మేడ మీద నుంచి వీధిలోకి వెలిగించిన టపాకాయలు విసిరాననీ, ఎవరికీ ఏమీ కాకపోవడం నా మంచితనం కాదనీ కూడా చెప్పాను. అది నా భార్యకు కూడా ఇంతవరకు తెలియని సంగతి. పిల్లలు ఎన్నడూ లేనంత శ్రద్ధగా విన్నారు. నేను తెలుగులోనే మాట్లాడుతున్నానన్న సంగతి నాకు చివరిదాకా గుర్తు రాలేదు.

దిగే దారిలో మసిబారిన ఒక మొద్దు పక్కన ట్రిలియం పూలు కనిపించాయి. మూడే ఆకులు ఉండడంతో మారేడు దళం గుర్తొచ్చి వంగబోతే, కోస్తే ఆ మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుందంటూ మా అబ్బాయి నా చెయ్యి పట్టి ఆపాడు.

తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. తలుపు తాళం తీస్తూ, బురదకాళ్లతో వెనకాలే నిలబడ్డ ఇద్దరినీ చూసి, "బూట్లు విప్పండి, త్వరగా" అన్నాను. మా అమ్మాయి తమ్ముడి వైపు చూసి నవ్వింది.