గాడిదా, వెన్నా, మా తాపీ మేస్త్రీ

నాలుగు నెలల నుంచి ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. అది చాలదన్నట్టు పోయిన వారం ఇటాలియన్ కూడా మొదలుపెట్టాను, తిప్పలు అక్కడే వచ్చాయి. స్పానిష్‌లో బుర్రో అంటే గాడిద అని బట్టీ పట్టిన బుర్ర నాది. ఇటాలియన్ పాఠం తెరిస్తే ఎవరో రొట్టె మీద బుర్రో రాసుకుని తింటున్నారు! వెన్నట.

రెండూ లాటిన్ కడుపున పుట్టిన భాషలే, ఒకే మాట దారిలో అర్థం మార్చుకుని ఉంటుందిలే అనుకున్నా. తవ్వి చూస్తే కాదు. ఇటలీ వెన్న లాటిన్ 'బుటీరుమ్' నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఆ లాటిన్ మాటేమో గ్రీకులో ఆవునీ జున్నునీ చెప్పే రెండు మాటలు కలిసినది, మనం నాన్ మీద వేయించుకునే బటర్ కూడా ఆ ఇంటిదే. స్పెయిన్ గాడిదది వేరే కథ. పొట్టి గుర్రాన్ని లాటిన్‌లో 'బుర్రికుస్' అనేవారు, అది బొర్రీకో అయ్యింది, దాని తోక కత్తిరిస్తే బుర్రో. మన 'ఆరు' అంకెకీ బట్టలు 'ఆరు'టకీ ఎంత చుట్టరికమో వీటికీ అంతే.

దీనికి తిరగేసిన కేసు మొన్న ఆదివారం మా ఇంటికే వచ్చింది. విశాఖ ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలికి శ్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతుంటే తాపీ మేస్త్రీని పిలిచాం. ఆయన స్టూలెక్కి, చిన్న సుత్తితో జానెడు జానెడు దూరంలో టక్ టక్‌మని కొడుతూ చెవి పెట్టి వింటున్నాడు. ఒకచోట ఆగి, "ఇక్కడ డొల్ల మోగుతోంది బాబూ" అన్నాడు. నాకైతే ఏ తేడా వినపడలేదు.

మేస్త్రీ అంటే పోర్చుగీసు 'మెస్త్రె', దాని వెనక లాటిన్ 'మగిస్టెర్'. అదే స్పెయిన్‌లో మాఎస్త్రో అయ్యి బడిలో పాఠం చెబుతుంది, ఇటలీలో సంగీతం నడిపిస్తుంది, ఫ్రాన్స్‌లో మేత్ర్ అయితే లాయరు గారిని పిలిచే పిలుపు. మనకి సిమెంటు కలుపుతుంది. ఒకే రక్తం, పనులే వేరు. ఇంకో తమాషా, మగిస్టెర్‌లో ఉన్నది 'ఎక్కువ' అనే మాట, మినిస్టర్ అనే మాట మూలంలో ఉన్నది 'తక్కువ'.

ఉండబట్టలేక ఆయనతో అన్నాను, లెక్కప్రకారం మంత్రి కంటే మేస్త్రీయే పెద్ద అని. స్టూలు దిగి చేతులు దులుపుకుంటూ, "అయితే అడ్వాన్సు కూడా ఆ లెక్కనే ఇవ్వండి బాబూ" అన్నాడు.