ఇంట్లోనే దొంగ

మూడు రోజులుగా ఫోనుకు ఒక్క మెయిలూ లేదు. కంప్యూటర్ తెరిస్తే అన్నీ అక్కడే తీరిగ్గా కూర్చుని ఉన్నాయి. పాస్‌వర్డ్ మార్చాను, ఫోను ఆపి వేశాను, పాపం నెట్ కనెక్షన్‌నూ తిట్టుకున్నాను. తీరా చూస్తే కంప్యూటర్‌లో ఖాతా ‘పాప్’ పద్ధతిలో ఉంది. పది నిమిషాలకొకసారి సర్వర్ దగ్గరికి వెళ్లి, ఉత్తరాలన్నీ దించుకుని, అక్కడ ఊడ్చిపెట్టి వస్తోంది. ఇక ఫోనుకు మిగిలేదేముంది? ‘సర్వర్‌లో కాపీ ఉంచు’ అనే గడిలో టిక్కు లేదు. చోటు చాలడం లేదని ఎప్పుడో నేనే తీసేశాను! ఖాతాను ‘ఐమ్యాప్’గా, అంటే ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండి ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ కనిపించే పద్ధతిలో, మళ్లీ చేర్చాను. పాత మెయిళ్లను మాత్రం ఒక్కొక్క ఫోల్డరే లాగి సర్వర్‌లోకి ఎక్కించేసరికి రాత్రి పదకొండయింది. ఫోనులో మొదట కనిపించింది కరెంటు బిల్లు. గడువు నిన్నటితో సరి.