గుజ్జు ఫ్యాక్టరీ పంపుకి వైబ్రేషన్ సెన్సార్ పెడుతున్నారా?
చిత్తూరు వైపు తోతాపురి సీజన్ మొదలైందంటే గుజ్జు ఫ్యాక్టరీల్లో పంపులు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి, వాటి అదురుని కొలవడానికి బిగించిన వైబ్రేషన్ సెన్సార్ మీద మామిడి పులుపు, కడగడానికి వాడే కాస్టిక్ సోడా, వేడినీళ్ల జెట్ అన్నీ పడతాయి. దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్ ఐపీ67 అని రాసుంటే చాలనుకోకండి. అది మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాల పరీక్షే, 80 డిగ్రీల నీళ్లు ప్రెషర్‌తో కొట్టే చోట ఐపీ69కె కావాలి.

316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు బాడీ మామూలుగా తట్టుకుంటుంది, ముందు పోయేది కేబుల్ తగిలించే కనెక్టరే, విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. అందుకే కేబుల్ సెన్సార్‌తోనే కలిసి వచ్చేది, టెఫ్లాన్ తొడుగున్నది తీసుకోండి, నా దృష్టిలో ఆ అదనపు ఖర్చు దండగ కాదు. కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి కట్టండి, నీళ్లు అక్కడే కారిపోతాయి. సెన్సార్ ఐఈపీఈ రకమైతే, అంటే సిగ్నల్ వచ్చే తీగ మీదే కరెంటు తీసుకునేదైతే, బయాస్ వోల్టేజీ (ఆ తీగ మీద ఎప్పుడూ ఉండాల్సిన డీసీ వోల్టేజీ) కూడా చూస్తుండండి, సున్నాకి పడిందంటే ఎక్కడో షార్ట్ అయినట్టో, పవర్ అందనట్టో.