ఐసు మీద నాలుగు నిమిషాలు

రెండు రాత్రులు నిద్ర మానుకుని ఒక నవల పూర్తి చేశాను. ఐస్ డ్యాన్స్ పోటీల్లో ఆడే జంట కథ. ఐసు మీద చేతిలో చెయ్యి, బయటికొస్తే మాటల్లేవు. మధ్యలో కాస్త సాగదీశారు గానీ, పక్కన పెట్టబుద్ధి కాలేదు.

అయిపోగానే యూట్యూబ్‌లో 1984 సారాయెవో ఒలింపిక్స్ వీడియో వెతికాను. బ్రిటన్ జంట టోర్విల్, డీన్. సంగీతం ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 'బొలేరో'. ఊదారంగు బట్టల్లో ఇద్దరూ ఐసు మీద మోకాళ్లపై కూర్చుని, ఒకరికేసి ఒకరు ఊగుతూ మొదలుపెట్టారు. ఎంత ప్రేమో అని నాకు కళ్లు చెమర్చాయి.

తీరా చదివితే అసలు సంగతి వేరే! సంగీతం ఎంత కత్తిరించినా అనుమతించిన సమయం కంటే కొన్ని సెకన్లు ఎక్కువే వచ్చిందట. స్కేట్ బూటు కింది బ్లేడు ఐసుకి ఆనాకే టైము లెక్కలోకి వస్తుందన్నది అప్పటి రూలు. అందుకే ఆ మోకాళ్లు. కళాత్మకతకి తొమ్మిది మంది జడ్జీలూ 6.0, అంటే అప్పట్లో ఇవ్వగలిగిన అత్యధిక మార్కు, ఇచ్చేశారు. ఇంతా చేసి ఇద్దరూ వేరేవాళ్లనే పెళ్లి చేసుకున్నారు. నవలలో ఇలా రాస్తే మనం ఒప్పుకుంటామా?

రాత్రి రెండింటికి మా ఆయన లేచి "ఇంకా పడుకోలేదా?" అన్నారు. ఫోన్ చేతిలో పెట్టి చూడమన్నాను. చివర్లో ఇద్దరూ ఐసు మీద పడిపోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అయ్యో, చలి వెయ్యదూ?"